కండ్ల సాయిబు

ఆయన పోయిన రోజు మూడు ఊళ్ల ఫోటోగ్రాఫర్లు వచ్చారు. ప్రొద్దుటూరు వాళ్లు నడిచి, జమ్మలమడుగు, పులివెందుల వాళ్లు మోటారు సైకిళ్ల మీద. అందరి మెడల్లోనూ కెమెరాలు వేలాడుతున్నాయి. పెళ్లికైనా చావుకైనా కెమెరా లేకుండా గడప దాటడం వాళ్లకు చేతకాదు. అయినా ఆ రోజు ఎవరూ బటన్ నొక్కలేదు. నమాజు చేసే ఇల్లది, గోడలకు బొమ్మలు పెట్టరు. పోయిన మనిషిని ఫోటో తీయనివ్వరు. ఆయన కొడుకు వాకిట్లో నిలబడి, "మీకు దండం పెడతా, ఎవురూ తీయొద్దండప్పా," అని ఒకటే మాట చెప్పాడు.

పులివెందుల స్టూడియో ఆయన నా పక్కకు వచ్చి, "చూడక్కా, మాకందరికీ మా ఫోటోలతో కార్డులు చేసిపెట్టిన మనిషి. ఆయన ఫోటో మాత్రం ప్రపంచంలో ఒకటి గూడా ల్యా," అన్నాడు. నవ్వబోయి ఏడ్చాడు.

పోయినాయన కళ్లు మా ఇంటి గోడ మీద ఉన్నాయని అప్పటికి నాకూ ఆయనకూ తప్ప ఎవరికీ తెలియదు.

బజారంతా ఆయనను కండ్ల సాయిబు అనేవాళ్లు. నేను సాయిబన్నా అని పిలిచేదాన్ని.

మొదట చూసింది మా ఇంటాయన పోయిన రోజు. మాది అప్పుడు జమ్మలమడుగు. మా ఇంటాయన బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసి, ఆ దుమ్ము ఊపిరికి అడ్డం పడి చనిపోయాడు. బతికుండగా ఒక్క ఫోటో దిగలేదు. మాలో పోయిన మనిషిని గోడకు ఆనించి కూర్చోబెట్టి, నడుముకు గుడ్డ కట్టి, నొసట విభూతి రాసి, మెడలో దండ వేసి, ఇంటివాళ్లంతా చుట్టూ నిలబడి ఫోటో తీయించుకుంటారు. దానికోసం ప్రొద్దుటూరు నుంచి సాయిబన్నను పిలిపించారు. ఆయన స్కూటరు దిగి, చెప్పులు విడిచి, మాలో ఎవరినీ పలకరించకముందే పోయిన మనిషి దగ్గర గొంతుక్కూర్చుని, "గడ్డం కొంచెం దించుకో నాయనా," అన్నాడు. తన చేత్తోనే దించాడు. అది మళ్లీ పైకి లేచింది. మళ్లీ దించాడు.

ఫోటో అయ్యాక మా అత్తను అడిగాడు. "పటంలో కండ్లు తెరిపించాల్నామ్మా, అట్లే ఉండనియ్యాల్నా?"

"తెరిపించప్పా. మూసిన మొగాన్ని గోడకు ఎట్ల పెట్టుకుంటాం?"

"ఎట్లుండె కండ్లు?"

"ఎట్లుంటాయి, కండ్ల మాదిరే ఉండె. బాగ పెద్దవి."

నన్నెవరూ అడగలేదు.

కొన్నాళ్లకు పటం వచ్చింది. అద్దం మీద నల్లగుడ్డ చుట్టి, తాడు కట్టి ఉంది. ఇంట్లో వాళ్లంతా ఎదురుగా నిలబడ్డాకే గుడ్డ తీయమని చెప్పి పంపాడు. అట్లాగే నిలబడి తీశాం. పిల్లలు, "నాయన చూస్తాండాడు!" అని ఎగిరారు. మా అత్త పటాన్ని గుండెకు హత్తుకుంది. ముక్కు మా ఇంటాయనదే, మీసం ఆయనదే, చెవి దగ్గరి పుట్టుమచ్చ కూడా ఆయనదే. కళ్లు మాత్రం కావు. ఎవరో ఆ మొహం వెనక నిలబడి, రెండు కన్నాల్లోంచి మా ఇల్లంతా చూసుకుంటున్నట్టుంది. అప్పటినుంచి చీర మార్చుకోవాలంటే నేను పటం లేని వంటింట్లోకి పోయేదాన్ని.

మా అత్త పోయాక పిల్లలను తీసుకుని ప్రొద్దుటూరు వచ్చేశాను. బట్టల బజారులో అంగళ్లు ఊడ్చే పని దొరికింది. ఒక బట్టలంగడి మిద్దె మీద స్టూడియో ఉంది, అదీ ఊడ్చాలన్నారు. మొదటిరోజు చీపురు పట్టుకుని తలుపు తోశాను. ఒకాయన నాకు వీపు పెట్టి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఎదురుగా గోడకు గడ్డం గీసుకునే చిన్న అద్దం. ఆ అద్దంలో, మా ఇంటి గోడ మీది కళ్లు నన్ను చూశాయి.

చీపురు కింద పడింది. ఆయన వెనక్కు తిరిగాడు.

"ఏంది మే, దెయ్యాన్ని చూసినట్టు చూస్తాండావు?"

"ఆ కండ్లు మా ఇంట్లో ఉండాయి."

ఆయన ఏమాత్రం తడబడలేదు. "ఏ ఊరు?" అన్నాడు.

"జమ్మలమడుగు."

"పాలిష్ ఫ్యాక్టరీ మనిషా? గడ్డం దించితే మళ్లా లేస్తాండె, ఆయనేనా?"

తల ఊపాను.

"పోయినోళ్ల కండ్లు ఎట్లుండెనో నాకేం తెలుస్తాది సెల్లే? రెప్ప ఎత్తి చూస్తే ఇంటోళ్లు ఊరుకుంటారా? నాకు తెలిసినవి ఇవి రెండే. అద్దంలో చూసుకోని పెడతా."

"అందరికీనా?"

"అందరికీ. ఆడోళ్లకైతే కాటిక పెడతా."

ఆ మాటకు నవ్వు వచ్చింది. వెంటనే ఆగిపోయింది. జమ్మలమడుగులో, పులివెందులలో, చాపాడులో, ఖాజీపేటలో ఎన్ని ఇళ్లల్లో ఎంతమంది అవ్వలూ తాతలూ, ఒక్క మనిషి కళ్లతో గోడల మీదనుంచి చూస్తున్నారో అనిపించింది. ఆ ఇళ్లవాళ్లు ఆ కళ్లకే దీపం పెడుతున్నారు, ఆ కళ్లకే కష్టం చెప్పుకుంటున్నారు.

"మా ఇంటాయన కండ్లు మా ఇంటాయనకు పెట్టు," అన్నాను. అంత ధైర్యం ఎట్లా వచ్చిందో తెలియదు.

"పెడతా. పటం తీసకరా. ఎట్లుండెనో చెప్పు, ఈడనే కూచోని మారుస్తా."

మరుసటి రోజే తీసుకుపోయాను. ఆయన అద్దాన్ని గోడవైపు తిప్పేసి, సన్న కుంచె నీళ్లలో ముంచి, తల వంచి కూర్చున్నాడు. "ఊ, చెప్పు." నేను నోరు తెరిచాను. మా ఇంటాయన మొహం తలుచుకున్నాను. నుదురు వచ్చింది, మీసం వచ్చింది. కళ్లు దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా కూర్చున్న ఈయన కళ్లే వచ్చాయి. ఎంత మూసుకుని తలుచుకున్నా అవే.

"రాలేదు," అన్నాను. ఏడుపు వచ్చింది.

"వచ్చినప్పుడే చెప్పు. యాడికీ పోను," అన్నాడు.

అప్పటినుంచి అది మా ఇద్దరి మధ్య పలకరింపు అయిపోయింది. నేను ఊడవడానికి పోగానే, "వచ్చినాయా సెల్లే?" అనేవాడు. "ల్యా అన్నా," అనేదాన్ని. పటం మళ్లీ మా గోడకే చేరింది.

ఆయన ఎవరి కళ్లలోకీ సూటిగా చూసేవాడు కాదు. చెంప మీద వెలుగు ఎట్లా పడుతోందో చూసేవాడు. టీ అంగడి ఆయనను కూడా, "మామా, కొంచెం ఎడమకు జరుగు, నీడ పడతాండాది," అని జరిపి, అప్పుడు గ్లాసు అందుకునేవాడు. "నువ్వు టీ తాగాలంటే నేను ఫోటో దిగాల్నా ఏంది సాయిబూ?" అని ఆ మామ రోజూ తిట్టేవాడు.

పటం పని చేసేటప్పుడు ఆయనకో పద్ధతి ఉండేది. కనుగుడ్డు, పాప, రెప్పలు అన్నీ తీరిగ్గా వేసేవాడు. చివరన పాప మీద సన్నటి తెల్లచుక్క పెట్టాలి. ఆ చుక్క పెట్టే ముందు నల్లగుడ్డ ఎడమచేత్తో పట్టుకునేవాడు. చుక్క పెట్టడం, తల తిప్పుకోవడం, గుడ్డ కప్పడం అన్నీ ఒక్కసారే జరిగిపోయేవి.

"ఏంటికన్నా అంత తొందర?"

"చుక్క పెట్టేదాంక అది రంగే. పెట్టినాక చూస్తాది. ముందు నన్ను చూసిందనుకో, నన్నే గుర్తుపెట్టుకుంటాది. ఇంటోళ్లను చూడాల ముందు."

తమాషాకు అంటున్నాడో నిజంగా అంటున్నాడో ఆ మొహం చూస్తే తెలిసేది కాదు. ఒకసారి మాత్రం కుంచె కడుగుతూ, "బొమ్మ చేసినోన్ని పోయినాక దేవుని ముందర నిలబెట్టి, దీంట్లోకి ప్రాణం పొయ్యి అంటారంట. మా నాయన బెదిరిస్తాండె," అన్నాడు.

"నువ్వేం చెప్తావు మరి?"

"ప్రాణం నా కాడ యాడిది? కండ్లుండె, పెట్టినా. అంతకంటే ఏం చెప్తా." ఆ భయానికే కాబోలు, తను మాత్రం ఎన్నడూ ఫోటో దిగలేదు.

సెల్‌ఫోన్లు వచ్చి స్టూడియోకు జనం తగ్గాక ఆయనకు కార్డుల పిచ్చి పట్టింది. ఒకరోజు ఫ్యాన్సీ అంగట్లో వేలాడుతున్న క్రికెట్ ఆటగాళ్ల కార్డులు తెచ్చి బల్ల మీద పరిచి, ముందూ వెనకా తిప్పి చూసి, "బంతి కొట్టినోన్ని కార్డు మీద ఏసినారు. వాన్ని ఫోటో తీసినోడు యాడ?" అన్నాడు. మరుసటి రోజే స్కూటరెక్కి జమ్మలమడుగు పోయాడు. తర్వాత పులివెందుల. ఒక్కొక్క స్టూడియోకూ పోయి, ఆ ఫోటోగ్రాఫర్‌నే నిలబెట్టి ఫోటో తీశాడు. జమ్మలమడుగు ఆయన స్టాండును బ్యాటులాగా ఆనుకుని నిలబడ్డాడు. పులివెందుల ఆయన ఫ్లాష్ గొడుగును గెలిచిన కప్పులాగా రెండు చేతులతో పైకెత్తాడు. కార్డు వెనక ఊరు, కెమెరా, బలం, బలహీనత. "బలం: పసిబిడ్డ ఏడవకముందే తీస్తాడు. బలహీనత: భోజనాల వేళకు కనపడడు." దాని కింద పెళ్లిళ్లు ఎన్ని, పసిబిడ్డలు ఎందరు, పోయినవాళ్లు ఎందరు అని అంకెలు.

పెద్ద అట్టల మీద అచ్చయి వచ్చిన కార్డులను కోసే పని నాకిచ్చాడు. ఏ ముక్కకు ఏది తలో తెలియాలి గనక అక్షరాలు తనే చూపించాడు. నేను నా అంతట చదివిన మొదటి మాట జమ్మలమడుగు.

ఫోటోగ్రాఫర్లకు ఆ కార్డులంటే పిల్లల సంబరం. కల్యాణమండపాల్లో ముహూర్తం అయ్యి భోజనాలు మొదలయ్యేలోపు కూర్చుని ఆడేవాళ్లు. ఎవరి అంకె పెద్దదైతే వాళ్లకు కార్డు.

"పోయినోళ్లలో నేనే ఎక్కువ. కార్డు ఇటియ్యి."

"ఓరి నీ ఆట పాడుగాను, పెండ్లి పందిట్లో కూచోని అదా లెక్క?"

"ఇద్దరు చాపాడోళ్లనిస్తా, ఒక్క పులివెందుల మామనియ్యప్పా."

"అంత అగ్గవ ఐపోయినానేంరా నేను?" అని పులివెందుల ఆయనే పక్కనుంచి అరిచేవాడు.

నేను మాత్రం ఆ కార్డులను మొహాలు కిందికి పెట్టి కోసేదాన్ని. ఫోటోగ్రాఫర్లకు ఒక జబ్బు ఉంటుంది. జన్మంతా కుడికన్ను కెమెరాకు ఆనించి ఎడమకన్ను మూసి మూసి, తమ ఎదుట కెమెరా నిలిస్తే చాలు, ఎడమ రెప్ప దానంతట అదే వాలిపోతుంది. ఎన్నిసార్లు తీసినా అంతే. అందుకని సాయిబన్న ప్రతి ఫోటో మీదా ఎడమకన్ను తనే గీసి, తర్వాత అచ్చుకిచ్చాడు. అద్దంలో చూసుకునే గీశాడు. కోసిన కార్డులను ఆరబెట్టడానికి నేల మీద వరసగా పరిస్తే, అన్ని మొహాల్లోనూ కుడికన్ను ఎవరిది వాళ్లదే. ఎడమకన్ను మాత్రం అందరిదీ ఒక్కటే. ఆ వరసల మధ్య నడవాలంటే కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, పక్కచూపులు చూసుకుంటూ పోయేదాన్ని.

"అన్నా, నీ కార్డు ల్యాకుంటే ఆట నిండదు," అని వాళ్లంతా వెంటపడేవాళ్లు. "నా కార్డు మీ అందరి కార్డుల్లో ఉండాదిలే," అని తప్పించుకునేవాడు. వాళ్లు దాన్ని మర్యాద మాట అనుకునేవాళ్లు.

తర్వాత షుగరు ఆయన కళ్లను తీసేసుకుంది. ముందు కుంచె కొన కనపడలేదు, తర్వాత కుంచే కనపడలేదు, కొన్నాళ్లకు వెలుగూ చీకటీ ఒకటైపోయాయి. అయినా స్టూడియోకు వచ్చి ఆ బల్ల దగ్గరే కూర్చునేవాడు. మా పలకరింపు మారింది.

"నీ ఇంట్లోవి బాగుండాయా సెల్లే?"

"బాగుండాయి."

"దుమ్ము తుడువు. నిన్నట్నుంచి మసగ్గా ఉండాది."

నవ్వి ఊరుకునేదాన్ని. ఒకనాటి పొద్దున, నేను అట్టలు సర్దుతుంటే, ఆయన తల ఎత్తి, "సెల్లే, నీ తలుపు తీసుండాది. కుక్క పోతాండాది లోపలికి. బిరీన పో," అన్నాడు. విసుక్కుంటూనే వెళ్లాను. తలుపు బార్లా తీసి ఉంది. కుక్క సంగటి గిన్నెలో మూతి పెట్టింది. దాన్ని తరిమి, తల ఎత్తాను. గోడ మీదనుంచి పటం తీరిగ్గా చూస్తోంది.

గొళ్లెం మరిచిపోవడం నాకు అలవాటే, ఆ సంగతి ఆయనకూ తెలుసు, ఊరికే అని ఉంటాడు అని మనసుకు చెప్పుకున్నాను. కానీ ఆ సాయంత్రం పటాన్ని గోడవైపు తిప్పేశాను. ఎవరికీ చెప్పలేదు. పొద్దున స్టూడియో మెట్లు ఎక్కానో లేదో, "సెల్లే, రాత్రి ఒక ఇల్లు ఆరిపోయింది," అన్నాడు.

"ఏ ఇల్లు?"

"పోనీలే. ఎవురి ఇష్టం వాళ్లది."

ఇంటికి పోయి పటం తిప్పి పెట్టాను.

అప్పటికే ఊళ్లల్లో అందరూ పాత పటాలు తెచ్చి కంప్యూటరులో కొత్తగా చేయించుకోవడం మొదలుపెట్టారు. రంగులు మారుతున్నాయి, కళ్లు మారుతున్నాయి. చేసేది ఎవరంటే, ఆయన కార్డుల్లో ఉన్నవాళ్లే. "ఖాజీపేటలో ఒకటి పాయె," అనేవాడు సాయిబన్న. "పులివెందులలో పెద్దాయమ్మది పొద్దున పాయె." ఆ వారం పులివెందుల ఆయన వచ్చినప్పుడు అడిగాను. అవును, ఒక ముసలామె పటం కొత్తగా చేసిచ్చాను, నీకెవరు చెప్పారు అన్నాడు.

నా పిల్లలు కూడా అడుగుతున్నారు, నాయన పటం మార్పిద్దామని. ఒకరోజు ఉండబట్టలేక అనేశాను. "నాకు కావాల్సింది నా మొగుని మొగం అన్నా. నీ చూపు కాదు."

ఆయన బల్ల మీద చేత్తో తడుముకున్నాడు. "తెలుసు. తీయించుకో, నేనేమన్నా అడ్డమా? కానీ ముందొక మాట చెప్పి తీయించు. ఇంగ యాడా ల్యా, నీదొకటే కనపడతాండాది. ఉన్నట్టుండి చీకటైతే భయమైతాది."

చెప్పలేకపోయాను, తీయించలేకపోయాను. మా ఇంటాయన మొహాన్ని ఇంకొన్నాళ్లు ఆయనకే వదిలేశాను.

సాయిబన్న పోయాడని చెప్పడానికి వచ్చినవాళ్లు వెళ్లిపోయాక గోడవైపు చూశాను. కళ్లు తెరిచే ఉన్నాయి. వెనక మాత్రం ఎవరూ లేరు.

నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థన అయ్యాక పటం తీసుకుని డిజిటల్ స్టూడియోకు పోయాను. కంప్యూటరు దగ్గర ఒక ఆడపిల్ల కూర్చుని ఉంది. పటాన్ని తెర మీదికి ఎక్కించి, కళ్లు రెండూ కత్తిరించి పక్కన పెట్టింది. మా ఇంటాయన మొహం మీద రెండు తెల్లటి గుంటలు మిగిలాయి.

"ఎట్లాంటివి పెట్టాలవ్వా? శానా రకాలుండాయి," అని ఎవరెవరివో కళ్లు వరసగా చూపించింది. ఒక్కొక్కటీ పెట్టి చూసింది. ఏదీ కాదన్నాను.

"పోనీ, ఎట్లుండె చెప్పు."

"ఒకసారి మూసి చూపించు పాపా."

"మూసినవి ఎవరూ పెట్టుకోరవ్వా," అంటూనే రెప్పలు వేసింది.

అప్పుడు వచ్చాడు మా ఇంటాయన. తెల్లారకముందే ఫ్యాక్టరీకి పోయేవాడు. అత్త ఎదుట భర్త మొహంలోకి చూడటం మా ఇంట్లో లేదు. నేను ఆయనను చూసిందల్లా పని నుంచి వచ్చి మంచం మీద పడి నిద్రపోతున్నప్పుడే. రెప్ప వెంట్రుకల మీద తెల్లగా బండల దుమ్ము పట్టి ఉండేది. ఆయన నిద్ర చెదరకుండా కొంగు కొనతో తుడిచేదాన్ని. ఆ కళ్లను సాయిబన్న నా నుంచి తీసుకోలేదు, పటమూ చెరిపేయలేదు. నేను చూడనే లేదు.

"ఇట్లనే ఉండనీ," అన్నాను.

"మరి ఇవి?" అంది ఆ పిల్ల. తెర మీద ఒక పక్కన సాయిబన్న కళ్లు విడిగా ఉన్నాయి. ఆ పిల్ల వాటికి ఎదురుగా లేకుండా కుర్చీ జరుపుకుంది.

ఫోటోగ్రాఫర్లకు పంపమన్నాను. వాటితో వాళ్లు కార్డు చేయించారు. మొహం లేదు. తెల్లటి అట్ట మీద రెండు కళ్లు, అంతే. ఒకటి నాకు తెచ్చిచ్చారు.

ఆ సంగతి ఎట్లా తెలిసిందో, ఒక మధ్యాహ్నం ఆయన భార్య మా ఇంటికి వచ్చింది. బురఖా ముసుగు వెనక్కి వేసి, చాప మీద కూర్చుని, కార్డు చూపించమంది. చేతిలో పెట్టాను. చాలాసేపు చూసింది. కాదంటుందేమో అని భయపడ్డాను.

"ఆయనవే," అంది. "ఇంతకాలం కాపురం చేస్తి. కొంగు సరిచెయ్యి, గడ్డం దించు అంటాండె గానీ, నన్నొకసారి గూడా ఇట్ల చూడల్యా."

"తీసుకపో వదినా."

"నమాజు ఇంట్లో యాడ పెడతా? నీ కాడనే ఉండనీ." కార్డును గూట్లో నిలబెట్టి, దానికి ఎదురుగా జరిగి కూర్చుని, తలమీది గుడ్డ సర్దుకుంది. "నువ్వు కొంచేపు బయట కూచో సెల్లే," అంది.

తలుపు దగ్గరికి వేసి అరుగు మీద కూర్చున్నాను. లోపల ఆమె చిన్నగా మాట్లాడుతోంది. మధ్యమధ్య ఆగుతోంది. అడిగినదానికి జవాబు విని, మళ్లీ చెబుతున్నట్టుంది.